ఊ కొట్టని లైను

ఆ రోజుకి ఫోన్ల టెక్నీషియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికల్లా పని ముగించి, నాలుగింటికి కూతురి బడిలో నాటకం చూడాలి. పిల్లది సూర్యుడి వేషం. నిరుడూ అంతకుముందూ నాన్న రాలేదు గనక ఈసారి ముందే షరతు పెట్టింది.

"నువ్వు కనబడితేనే ఉదయిస్తా నాన్నా. లేకపోతే లేవను."

"అది లేవనంటే లేవదు. అన్నీ మీ పోలికలే," అంది భార్య టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

ఆఫీసులో అడుగు పెట్టగానే పెద్దసారు పట్టుకున్నాడు. ఆయనకి ఆఫీసు ఒకచోట, గోడౌను ఊరి చివర. రెండుచోట్ల ఫోన్లనూ కిందటి వారమే టెక్నీషియన్ ఒక పెట్టెతో కలిపాడు. గోడౌను చూసుకునేది పెద్దసారు బావమరిది.

"వాడు నా మొహం మీదే ఫోను పెట్టేస్తున్నాడయ్యా! నేను మాట్లాడుతూనే ఉంటాను, టక్కున కట్!"

"లైనులో లోపమేమోనండీ."

"అయితే బాగు చెయ్. చేసేదాకా ఇంటిమొహం చూడకు. లైను బాగానే ఉందంటావా, లోపం వాడిలో ఉన్నట్టే. రేపట్నుంచి వాడు గోడౌనుకి రానక్కర్లేదు."

టెక్నీషియన్ పరుగున గోడౌనుకి వెళ్ళేసరికి బావమరిది మొహం వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు.

"పెట్టేసేది నేను కాదు, బావగారే. తిట్టి తిట్టి, చివరికి నేను లైన్లో ఉండటం కూడా నచ్చక కట్ చేస్తున్నారు," అన్నాడు దిగులుగా.

టెక్నీషియన్ ఆఫీసులోని రిసెప్షనిస్టుకి ఫోను చేసి చూశాడు. ఆవిడ వాళ్ళబ్బాయి జలుబు గురించి మొదలుపెట్టింది. ఇతను తనకి తెలిసిన చిట్కాలన్నీ చెప్పాడు. జలుబు అయిపోయి దగ్గు మొదలైనా లైను మాత్రం చెక్కుచెదరలేదు. రిసీవరు పెట్టేశాడో లేదో పెద్దసారు ఫోను వచ్చింది. బావమరిది లేచి నిలబడి మరీ విన్నాడు. ఆయన మంచి ఊపు మీదుండగా లైను తెగింది.

టెక్నీషియన్ తీగలు మార్చాడు. తెగింది. పెట్టెను ఆపేసి మళ్ళీ ఆన్ చేశాడు. ఆ కాసేపు రెండుచోట్లా ఫోన్లు మూగబోయాయి. "ఇప్పుడు తీగ కూడా పీకేశాడా!" అని పెద్దసారు అక్కడ గంతులు వేస్తున్నాడని రిసెప్షనిస్టు సెల్లులో చెప్పింది. బావమరిది బెదిరిపోయి అక్కకి కబురు పెట్టాడు. తమ్ముడి ఉద్యోగం పోతోందని తెలిసి ఆవిడ ఆగమేఘాల మీద గోడౌనుకి వచ్చేసింది. అప్పటికి మూడు దాటింది.

"నేను మాట్లాడతా ఉండండి," అంటూ రిసీవరందుకుని మొగుణ్ణి దులపడం మొదలుపెట్టింది. అరనిమిషం గడిచేసరికి టక్కుమంది.

"నా మీద! నా మొహం మీదే పెట్టేస్తారా! ఇంటికి రానివ్వండి, ఆయన సంగతి చెబుతా!" అంటూ విసురుగా వెళ్ళిపోయింది.

టెక్నీషియన్ చేతిలోని స్క్రూడ్రైవరు ఆగింది.

"బావగారు తిడుతుంటే మీరేమంటారు?"

"ఏమంటాను? ఆయన మాట్లాడేటప్పుడు కిక్కురుమనకూడదని ఆర్డరు."

"మరి అమ్మగారు మాట్లాడుతుంటే సారు?"

"అక్క ముందు బావ నోరు మెదపడం నేనింతవరకూ చూడలేదు."

టెక్నీషియన్‌కి విషయం బోధపడింది; బావమరిదికీ చెప్పాడు. ఫోను ఎత్తి ఎవరూ మాట్లాడకుండా లైను ఊరికే పట్టుకుని ఉండకూడదని పెద్దసారే చెబితే, అరనిమిషంపాటు ఒకవైపు నుంచి చప్పుడు లేకపోతే కాల్ తెగిపోయేలా టెక్నీషియనే పెట్టెలో ఏర్పాటు చేశాడు. కథ చెప్పేవాళ్ళకి ఎదురుగా ఊ కొట్టేవాళ్ళుండాలి. ఇక్కడ ఇద్దరు చెప్పేవాళ్ళున్నారు గానీ ఊ కొట్టేవాళ్ళు లేరు.

"ఒక్క మీట నొక్కితే బాగైపోతుంది!" అని సంబరంగా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. బావమరిది అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నీకు దణ్ణం పెడతాను, ఆ ఏర్పాటు తీయకు. వారం రోజులుగా నాకు సగం తిట్లే అందుతున్నాయి. ఒంటికి ఎంత హాయిగా ఉందో!"

"బాగు చేయకపోతే మీ ఉద్యోగం, మా అమ్మాయి నాటకం రెండూ పోతాయండీ."

గత్యంతరం లేక టెక్నీషియన్ సెల్లు తీసి పెద్దసారుకి సంగతంతా వివరించాడు. బావమరిది తప్పేమీ లేదని, ఒక్క నిమిషంలో బాగు చేస్తానని చెప్పాడు.

"అంటే ఇందాక మా ఆవిడ మాట్లాడుతుంటే తెగింది కూడా..."

"అందుకేనండీ. మీరు చప్పుడు చేయలేదు గనక."

"తీయలేదు కదా ఇంకా?"

"లేదండీ."

"తీయకు!" పెద్దసారు గొంతు తగ్గించాడు. "లైను భేషుగ్గా ఉంది. వాణ్ణి హాయిగా పని చేసుకోమను. నువ్వు ఇంటికెళ్ళు. ఈ మాట మా ఆవిడ దాకా పోకూడదు."

"ఇంట్లో లైను తెగదు కదా, పాపం బావ," అన్నాడు బావమరిది జాలిగా.

టెక్నీషియన్ రొప్పుతూ బడికి చేరేసరికి వేదిక మీద పక్షులు ఆపకుండా రెక్కలాడిస్తున్నాయి. అట్ట కొండ వెనకాల సూర్యుడు భీష్మించుకు కూర్చున్నాడు. "లే అమ్మా, లే," అని టీచరు తెర చాటునుంచి బతిమాలుతోంది. తలుపు దగ్గర నాన్న చెయ్యి ఊపాడు. కొండ వెనక నుంచి సూర్యుడు ఒక్క గెంతులో నడినెత్తికి వచ్చాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు.

ఇదంతా ఎరగని పెద్దసారు భార్య ఇప్పటికీ గోడౌనుకి వచ్చినప్పుడల్లా, ఆ లైను బాగు చేయలేదని ఆఫీసులో ఉన్న టెక్నీషియన్‌కి ఫోను చేసి తిడుతూ ఉంటుంది. అతను ఎంతో వినయంగా, కిక్కురుమనకుండా వింటాడు.