ఎంబసీ పరామర్శ

ఆ ఉదయం సింహాద్రికి ఉన్న పనల్లా ఒక్కటే. మున్సిపల్ కౌన్సిల్లో ముప్పై ఒకటో అంశం, అంటే తన వార్డుకు మంచినీళ్ళ పైపు, ఆమోదం పొందేదాకా నోరు మూసుకుని కూర్చోవడం. విశాఖ శివారున సముద్రపు ఒడ్డునున్న కొత్తగెడ్డపాలెంలో జాలరిపేట వార్డుకు కొత్తగా కౌన్సిలరయ్యాడు గానీ, ఓట్లడిగింది భార్య రాధ. కుళాయి వస్తుందని గడపగడపకూ మాటిచ్చింది కూడా ఆవిడే.

"పైపు పాసయ్యిందంటేనే ఇంటికి రా. నేకపోతే పడవలోనే తొంగో," అని సాగనంపింది.

సభ మొదలైందో లేదో అధికారపక్షం గవర్రాజు లేచాడు. ముందురోజు ఎక్కడో దూరదేశంలో మరో దేశపు ఎంబసీ మీద ఉగ్రవాదులు బాంబు వేశారు. ప్రహరీ కూలింది గానీ అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. దాన్ని మన కౌన్సిల్ తీవ్రంగా ఖండించాలన్నాడు. తీవ్రంగా అంటే చాలదు, అతి తీవ్రంగా ఖండించాలని ప్రతిపక్షం కృష్ణంరాజు పట్టుబట్టాడు. మాకేం తక్కువ కోపమా అని గవర్రాజు మనుషులు బల్లలు చరిచారు. ఇరవై నాలుగు మందీ ఒకే మాట మీద ఉన్నారు. అందుకే గొడవ ఎంతకీ తెగలేదు.

ఖండన అయ్యాక గౌరవసూచకంగా సభ వాయిదా వేయడం అక్కడి ఆనవాయితీ అని పక్క కుర్చీ కౌన్సిలర్ చెవిలో వేశాడు. తెగినా, తెగకపోయినా సింహాద్రికి పడవే కనిపించింది. చైర్‌పర్సన్‌కు దండం పెట్టి లేచాడు.

"అమ్మా, మా పేటలో ఎవురికైనా కట్టమొస్తే కాగితం రాసి అంపుతామేటి? నలుగురం ఎల్లి పలకరించొస్తాం. ఆ నలుగురి పేర్లూ రాసీసి, పైపుల సంగతి సూద్దుం."

ఎంబసీ ఉన్నది విదేశంలో అన్న సంగతి అందరికీ ఒకేసారి తట్టింది.

నలుగురు కాదు, పార్టీకి నలుగురన్నారు. ఆడవాళ్ళకు వాటా అన్నారు. చలి పడదు గనక తనకు తోడు భార్య రావాలన్నాడు గవర్రాజు. దుబాయ్‌లో పనిచేసొచ్చిన బావమరిదిని భాష కోసం చేర్చాడు కృష్ణంరాజు. అది ఏ దేశమో ఎవరూ అడగలేదు. పాస్‌పోర్టు ఉన్నవాళ్ళ పేర్లే ముందు రాస్తారని ఎవరో అన్నారు. అంతే, ఇరవై రెండు మందీ కార్లెక్కి విశాఖ పాస్‌పోర్టు ఆఫీసు దారి పట్టారు, ఫోటోలకు దారిలో మధురవాడలో ఆగుదామని అనుకుంటూ.

సభ ఇక సాగదేమోనని సింహాద్రి ఖాళీ కుర్చీలు లెక్కపెట్టాడు.

"నువ్వెల్లవేటి?" అంది చైర్‌పర్సన్ సూర్యకళ.

"నాకు పైపు కావాలండి. మరి తవరు?"

"నాకు పాస్‌పోర్టు ఎప్పుడో ఉందయ్యా." ఆవిడ అజెండా తిరగేసింది. "సరిపడా సభ్యులు నేరని ఎవురైనా లేసి అభ్యంతరం సెప్తేనే సభ ఆపాల. లెగడానికి నువ్వొక్కడివే ఉన్నావు. లెగుత్తావా?"

"నాను కూకునే ఉంతానండి."

ఆవిడ ఒకటి నుంచి నలభై దాకా చదివింది. సింహాద్రి నలభైసార్లు చెయ్యెత్తాడు. పదకొండు నిమిషాల్లో రోడ్లు, దీపాలు, కాలవలు, పైపు అన్నీ ఏకగ్రీవమయ్యాయి. రాధకు ఫోన్ చేస్తే, వంజరం పులుసు పెడతాను, వేగం రమ్మంది.

ఎంబసీ మీద దాడిని మాత్రం కొత్తగెడ్డపాలెం ఇప్పటికీ ఖండించలేదు.