తాళాల గోడ

“పని సగంలో ఉండగా పనిముట్టు మార్చిన మనిషి బాగుపడినట్టు నేను ఎక్కడా వినలేదు,” అని ప్రకటించింది తల్లి, కూతురి బల్ల పక్కన నిలబడి.

అప్పటికి ఏమీ జరగలేదు. కూతురు కంప్యూటర్ ఇంకా ఆన్ చేయనేలేదు. కానీ ఆవిడ పద్ధతే అంత. ముప్పు వచ్చాక భయపడేవాళ్ళంటే ఆవిడకి చిన్నచూపు. వచ్చాక ఎవరైనా భయపడతారు, అందులో గొప్పేముంది? ఫోన్ ఛార్జింగులో ఉంటే పేలుతుందని భయం, తీసేస్తే అవసరానికి మోగదని భయం. ఈ రెంటి మధ్య ఆ ఇంట్లో ఫోను రోజుకి పదిసార్లు ప్లగ్గుకి ఎక్కుతూ దిగుతూ ఉండేది.

కూతురు ఇళ్ళకి డిజైన్లు గీస్తుంది. ఇంటి ముందుగదే ఆఫీసు. అందులోంచి మంచం తీసేసి బల్ల వేశారు, గోడకి ఒక గడియారం తగిలించారు, దాంతో అది ఆఫీసైపోయింది. పని ఇచ్చేవాళ్ళు వచ్చి కూర్చున్నంతసేపూ తల్లి గట్టిగా దగ్గకూడదు, కుక్కర్ పొయ్యిమీద పెట్టకూడదు. అది ఆఫీసు నియమం. ఒకసారి కుక్కర్ కూత వేస్తే, పక్కింట్లో వర్క్‌షాపు ఉందని చెప్పుకోవాల్సి వచ్చింది.

ప్రస్తుతం చేతిలో ఉన్న పెద్ద పని ఒక్కటే. నగల షాపావిడ ఇల్లు. గోడలు లేచాయి, పైకప్పు వేయడం అయింది, లోపలి పని సగం గీసి ఉంది. సరిగ్గా అప్పుడే ఆవిడ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

“అమ్మాయ్, మా వియ్యపురాలు వాళ్ళ ఇల్లు ఏదో కొత్త సాఫ్ట్‌వేర్‌లో చేయించారట. నాలుగుసార్లు చెప్పింది. నువ్వు వాడేది ఏంటి?”

“అదేనండీ,” అంది కూతురు. దాని పేరు వినడం ఆమెకి అదే మొదలు.

“నువ్వు చూపించినవి పాతకాలం బొమ్మల్లా ఉన్నాయే మరి?”

“అవి మామూలు గీతలండీ. అసలు బొమ్మలు దాంట్లోనే చేస్తాను.”

“అయితే రేపు చూపించు. మా పిల్లని వాళ్ళింటికిచ్చాం, వాళ్ళ ముందు నేను తక్కువ కాలేను. నీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పెయ్, వాళ్ళు పెట్టుకున్నాయన్నే పిలిపిస్తాను.”

కూతురు తన వల్ల అవుతుందని చెప్పింది. కాదంటే చేతిలో ఉన్న ఒక్క పనీ పోతుంది, ముందుగదిలోకి మళ్ళీ మంచం వస్తుంది. ఆ సంగతి తల్లికీ తెలుసు. తెలుసు కాబట్టే అలా ప్రకటించింది.

కొత్త సాఫ్ట్‌వేర్ డబ్బు పెట్టి కొనాలంటే ఈ ఇల్లు పూర్తవ్వాలి, ఈ ఇల్లు పూర్తవ్వాలంటే అది కావాలి. అందుకని కూతురు ఊరికే ఇచ్చే ట్రయల్ దింపుకుంది. పాత ప్లానంతా పదిలంగా తీసుకుంటానని అది మాటిచ్చింది. తీసుకుంది కూడా. కాకపోతే వంటింటి గట్టు పైకప్పుకి అంటుకుపోయింది, మెట్లు నేరుగా స్నానాలగదిలోకి దిగాయి, వీధి గుమ్మం కనబడకుండా పోయింది.

“గుమ్మం లేకపోతే మనుషులెలా వస్తారే?”

“పెడతానమ్మా.”

“పెట్టేలోపు ఆవిడ చూస్తే?”

“ఆవిడిక్కడ లేదమ్మా.”

“ఇప్పుడు లేదు,” అంది తల్లి.

కూతురు గట్టుని కిందికి దింపింది, మెట్లని బయటికి లాగింది, గుమ్మం వెతికి పెట్టింది. సాయంత్రానికి బొమ్మలు తయారయ్యాయి. ఎంత బాగా వచ్చాయంటే, బొమ్మలో హాలు కిటికీలోంచి పడుతున్న ఎండ చూసి తల్లికి డాబామీద ఆరేసిన బట్టలు గుర్తొచ్చి లేవబోయింది. అంతలో కళ్ళు గోడ మీదికి వెళ్ళాయి. గోడ నిండా లేత బూడిదరంగులో తాళం కప్పలు. ఏటవాలుగా, వరసలు వరసలుగా.

“ఇవేంటే?”

“ఊరికే ఇచ్చారు కదమ్మా. డబ్బు కట్టేదాకా బొమ్మల మీద తాళాలు కనబడతాయి. కట్టగానే పోతాయి.”

“అంటే మనం దొంగతనం చేశామా?”

“లేదమ్మా, వాడుకోమని వాళ్ళే ఇచ్చారు.”

“వాడుకోమని ఇచ్చి తాళం వేశాడంటే వాడికి మన మీద అనుమానమేగా?” తల్లి కొంగుతో ముఖం తుడుచుకుంది. “వద్దు తల్లీ. రేపు ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పెయ్. నిజం చెప్పినవాళ్ళని ఎవరూ జైల్లో పెట్టరు.”

కూతురు సరేనంది. ఆ ఇంట్లో ఇద్దరూ ఒక మాట మీదికి రావడం అరుదు.

మర్నాడు నగల షాపావిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుంది. బొమ్మలు ఒక్కొక్కటే చూసి, హాలు దగ్గర ఆగింది.

“గోడ మీద ఈ తాళాలేంటమ్మాయ్?”

“అదే చెబుదామనుకుంటున్నానండీ. నిజానికి అవి...”

అప్పుడే తల్లి కాఫీ ట్రేతో గుమ్మంలోకి వచ్చింది. నగల షాపావిడ కనుబొమలు కొంచెం పైకి లేచి ఉన్నాయి. ఆ కొంచెంలోనే తల్లికి అన్నీ కనబడ్డాయి. పని పోవడం, ఊళ్ళో పేరు పోవడం, ముందుగదిలో మంచం, ఆ మంచం మీద జ్వరంతో కూతురు.

“భద్రతకండీ,” అనేసింది.

కూతురు తల్లి వంక చూసింది. తల్లి ట్రే వంక చూసింది.

“భద్రతకా?”

“అవునండీ. కొత్త పద్ధతి. ఇంట్లో అడుగుపెట్టగానే, ఇక్కడ అన్నిటికీ తాళాలున్నాయని చూసినవాడికి తెలియాలటండీ.”

నగల షాపావిడ పగలంతా తాళాల గుత్తి నడుముకి దోపుకుని తిరిగే మనిషి. ఆ మాట ఆవిడకి నేరుగా లోపలికి వెళ్ళింది.

“నేననుకుంటూనే ఉన్నా,” అంది. “మా వియ్యపురాలి ఇంటి ఫోటోలు ఫోన్లో చూశాను గానీ, చిన్నవి, సరిగా ఆనలేదు. వాళ్ళ గోడలూ ఇలాగే ఉండుంటాయి.”

“ఉండుంటాయండీ,” అంది తల్లి. ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో ఆపితే మర్యాదగా ఉండదు.

“అయితే ఇదే రంగు, ఇదే వాలు. ఒక్క తాళం తగ్గినా ఊరుకోను.”

ఆవిడ వెళ్ళాక కూతురు తలపట్టుకుంది. “నిజం చెప్పమన్నది నువ్వేగా?”

“నువ్వు చెబుతుంటే గొంతు వణికింది. వణికే గొంతుతో నిజం చెబితే అబద్ధంలా ఉంటుంది. అందుకని సాయం చేశా.”

కొత్తింట్లో రంగుల మేస్త్రీ బొమ్మని తిప్పి తిప్పి చూశాడు. “గోడకి తాళాలేంటమ్మా? గోడ ఎక్కడికి పోతుందని?”

“కొత్త సాఫ్ట్‌వేర్,” అంది నగల షాపావిడ.

“ఓ, అదా,” అన్నాడు మేస్త్రీ. అదేమిటో అతనికీ తెలియదు. కానీ ఆ మాట చెవిన పడ్డాక తెలియదని చెప్పుకోవడం ఎవరికైనా కష్టమే. అట్టముక్కలో తాళం ఆకారం కోసుకుని పని మొదలుపెట్టాడు.

గోడ సగం నిండేసరికి చూడ్డానికి జనం రావడం మొదలైంది. ఎదురింటి లాయరు గారు చాలాసేపు చూసి, ఇందులో లోతుందన్నారు. బ్యాంకు మేనేజరు, ఇలాంటిది ఒక పెద్ద హోటల్లో చూశానన్నాడు. పళ్ళ డాక్టరమ్మ, బాగుందిగానీ అందరికీ అర్థంకాదని, తనకి అర్థమైనట్టు నవ్వింది. తిరిగి వెళ్తూ ముగ్గురూ మేస్త్రీని పక్కకి పిలిచి మాట్లాడారు.

ఇవేవీ తల్లికి ఊరట కాలేదు. వీళ్ళెవరికీ ఆ సాఫ్ట్‌వేర్ తెలియదు. తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆ వియ్యపురాలు ఆదివారం ఇల్లు చూడ్డానికి వస్తోంది. డబ్బు కట్టి చేయించుకున్న మనిషి, చూడగానే పట్టేస్తుంది. నలుగురిలో అడుగుతుంది. ఆ తర్వాత ఈ ఊళ్ళో కూతురి చేత పశువుల కొట్టం కూడా గీయించుకోరు. తల్లికి ముద్ద దిగలేదు.

వివరాలు చెప్పడానికి రమ్మని ఆదివారం కూతురికి కబురొచ్చింది. ఒంటరిగా పడిపోతే పట్టుకునేవాళ్ళుండాలని తల్లీ వెంట వెళ్ళింది.

వియ్యపురాలు మెల్లగా నడుస్తూ ఒక్కొక్క గదీ చూసింది. వంటింట్లో గట్టు మీద వేలు రాసి చూసుకుంది.

“మేమూ ముందు ఇలాంటి రాయే అనుకున్నాం వదినగారూ. మరీ మామూలుగా ఉందని మానేశాం.”

“మీ అంత వాళ్ళం కాదుగా,” అంది నగల షాపావిడ, హాలు వైపు దారి చూపిస్తూ. ఆ నడకలోనే ఏదో హుషారుంది.

హాల్లో మేస్త్రీ ఆఖరి వరస వేస్తున్నాడు. వియ్యపురాలు గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇవేంటి వదినగారూ?”

“అదేంటి వదినగారూ, మీకు తెలియకపోవడమేంటి? మీ ఇల్లూ ఆ సాఫ్ట్‌వేర్‌లోనే చేయించారుగా. మీ గోడల మీద లేవా?”

మేస్త్రీ కుంచె గాల్లోనే ఉండిపోయింది, దాని కొసనుంచి ఒక బొట్టు కింద పరిచిన గోనె మీద పడింది. తల్లి కూతురి మణికట్టు పట్టుకుంది. తప్పు నాదేనండీ, పిల్లకేం తెలియదు అనే మాట గొంతుదాకా వచ్చి, అక్కడ ఏం చెయ్యాలో తోచక నిలబడింది.

వియ్యపురాలు గోడని చూసింది. నగల షాపావిడని చూసింది. కూతురి వంక ఒకసారి, మళ్ళీ గోడ వంక. నాలుకతో పెదాలు తడుపుకుంది. కొంగు సర్దుకుంది. అది సరిగ్గానే ఉంది, అయినా మళ్ళీ సర్దుకుంది. ఆ ముఖం చూస్తుంటే తల్లికి అనుమానం మొదలైంది. నిజం పట్టేసిన మనిషికి అంతగా చెమట పట్టదు.

“ఎందుకు లేవూ,” అంది చివరికి వియ్యపురాలు. “ఉన్నాయి. మావి పడగ్గదుల్లో వేయించాం. ఇలా వచ్చినవాళ్ళందరికీ కనబడేలా హాల్లో పెట్టుకోవడం మా ఇంటా వంటా లేదు.”