మంగినపూడి రోడ్డు ఛాంపియన్‌షిప్

పాఠక మహాశయులారా, షేర్ ఆటో మన స్టాపులో ఆగకపోవడం మన అదృష్టం! కాదన్నవాళ్లు ఒక్కసారి మా మంగినపూడి రోడ్డుకు రండి. టికెట్ కొనకుండా రోజూ రేసు చూస్తున్న భాగ్యశాలులం మేము.

ఇదంతా ఆటో సలాం ఫోను పుణ్యం. ఎప్పటిదో పాత కార్ల రేసుల సీజన్‌ను అందులో చూశాడట. ఇద్దరు డ్రైవర్లు ఏడాదంతా నువ్వా నేనా అని కొట్టుకుని, చివరికి అర పాయింటు తేడాతో ఒకడు ఛాంపియన్ అయ్యాడట. ఆ వీడియోను సలాం తోటి డ్రైవరు దుర్గాశ్రీనివాస్‌కు చూపించాడు. అంతే! కార్తీకమాసం మొదటి రోజే మా బందరు కోనేరు సెంటర్ ఆటోస్టాండులో సీజన్ మొదలైంది.

అసలే ఆ స్టాండులో సీరియల్ పద్ధతి. మంగినపూడి బీచి నుంచి ఎవరు ముందు తిరిగొస్తే వాళ్లదే తర్వాతి ట్రిప్పు. ఇప్పుడు దానికి పాయింట్లు కూడా తోడయ్యాయి. పొద్దున మొదటి ట్రిప్పులో గెలిచినవాడికి ఒకటి, వాన పడితే అర. టీకొట్టు గోవర్ధనరావు గోడ మీద సుద్దముక్కతో రాసిపెడతాడు.

ఈ రేసు వల్ల లాభాలు ఒకటా రెండా? అరగంట ప్రయాణం పావుగంటకు దిగింది. మా భుజంగరావు మావయ్యకు పదేళ్లుగా నడుంనొప్పి. ఒక్క ట్రిప్పులో గోతులన్నీ ఎక్కి దిగేసరికి అది కాస్తా మెడలోకి మారింది! దేవుడే లేడని వాదించేవాళ్లు కూడా మలుపు దగ్గర కళ్లు మూసుకుని శివశివా అంటున్నారు. కార్తీకంలో ఇంతకన్నా పుణ్యం ఏం కావాలి?

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? నేను రోడ్డు పక్కనే నిలబడి ఉంటాను కదండీ! మధ్యలో మా స్టాపులో ఆగితే నలభై సెకన్లు పోతాయి. అందుకని సీట్లు ఖాళీగా ఉన్నా ఇద్దరూ ఆగరు. ఆపమని చెయ్యెత్తితే, అభిమానులమనుకుని వాళ్లూ చెయ్యూపి వెళ్తారు. ఎంత మర్యాద!

ఈ మర్యాద అర్థం కానిది మా పక్కింటి హన్నా ఒక్కతే. కోనేరు సెంటర్లో బట్టల షాపులో కొత్తగా చేరింది. తొమ్మిదిన్నరకల్లా కౌంటర్లో ఉండాలి. అప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి ఆలస్యమైతే ఇక రానక్కర్లేదని ఓనరు చెప్పేశాడు.

కార్తీకం ఆఖరి రోజు వచ్చింది. దుర్గాశ్రీనివాస్‌కు పద్నాలుగు పాయింట్లు, సలాంకు పదమూడున్నర. ఫైనల్!

తొమ్మిది దాటింది. "మాస్టారూ, ఇవాళ కూడా ఆపకపోతే నా ఉద్యోగం పోద్దండీ," అంది హన్నా.

"ఫైనలమ్మా, మనం అడ్డం రాకూడదు," అన్నాను నేను.

దూరంగా రెండు ఆటోలూ పక్కపక్కనే దూసుకొస్తున్నాయి. హన్నా నావైపు ఒక్క చూపు చూసి, చేతిలోని అన్నం క్యారియరుకు చుట్టిన తువ్వాలు లాగి, రోడ్డు మీదకు దూకి ఊపడం మొదలెట్టింది. నలుపూ తెలుపూ గళ్ల తువ్వాలు!

రెండు ఆటోలూ కీచుమంటూ ఆగాయి. ఆ వీడియోలో రేసు అయిపోయిందని చెప్పడానికి అలాంటి జెండానే ఊపుతారు మరి!

"నేనే ముందు!" అన్నాడు సలాం.

"నీ మొహం! నా ముందు చక్రం ఎక్కడుందో చూడు!" అన్నాడు దుర్గాశ్రీనివాస్.

ఇద్దరూ దిగి జానలతో కొలవసాగారు. ఈలోగా హన్నా సలాం ఆటోలో ఎక్కి కూర్చుంది. "ఫినిష్ ఇక్కడ కాదు సలామన్నా, కోనేరు సెంటర్లో! పోనీండి బేగి!" అని అరిచింది. సలాం ఒక్క ఉరుకున హ్యాండిల్ అందుకున్నాడు. నేను రెండో ఆటోలో దూరాను.

తొమ్మిది ఇరవై ఎనిమిదికి హన్నా షాపు మెట్లెక్కింది. ఉద్యోగం నిలిచింది. సలాం అర పాయింటు తేడాతో ఛాంపియన్ అయ్యాడు. నా మెడ మాత్రం ఇప్పటికీ ఎడంవైపుకు తిరగడం లేదు.

కార్తీకం అయిపోయినా రేసులు ఆగలేదు. అందుకని ఆ తువ్వాలును మా స్టాపులో స్తంభానికి తగిలించాం. ఎవరికి అవసరమైతే వాళ్లు ఊపుకుంటున్నారు.

అధికారులకు నా మనవి ఒక్కటే. పొద్దునపూట ఒక్క బస్సు మా స్టాపులో ఆపమని పదేళ్లుగా అర్జీలు పెట్టి మిమ్మల్ని విసిగించాం, క్షమించండి. బస్సు వద్దు. గళ్ల తువ్వాళ్లు ఓ నాలుగు మంజూరు చేయండి, చాలు. ఉన్నది చిరిగిపోయింది.