నాలుగో అధ్యాయం సొంతదారు

పోయిన జూన్ నుంచి ఆ విశ్వవిద్యాలయంలో, సిద్ధాంత గ్రంథంలో ఎవరి వాక్యం వాడుకుంటే ఆ మనిషి స్వయంగా వచ్చి రాసినవాళ్ళ దగ్గర హాజరు వేయించుకుంటున్నాడు. చనిపోయినవాళ్ళు కూడా వస్తున్నారు. వాళ్ళకి విడిగా ఒక రిజిస్టరు పెట్టి, సంతకం బదులు వేలిముద్ర చాలన్నారు. మొదటి రెండు రోజులూ కారిడార్లో జనం గుమిగూడి చూశారు గానీ, ఆ తరవాత కుర్చీలు చాలడం లేదన్న గొడవలో పడి అసలు సంగతి మరిచిపోయారు.

సర్క్యులర్ ప్రకారం పద్ధతి తేలికే. వాక్యాన్ని ఉన్నదున్నట్టు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, ఎవరిదో, ఏ పుస్తకంలో ఏ పుటో చెబితే సొంతదారు ముందు వరసలో కూర్చుంటాడు. సారాన్ని తన మాటల్లో రాసి పేరు చెబితే రెండో వరస. పేరు చెప్పకపోతే మాత్రం కూర్చోడు. వెనకాల వచ్చి నిలబడి భుజం మీద చెయ్యి వేస్తాడు, పేరు చెప్పేదాకా తియ్యడు. అన్నం తినేటప్పుడు కూడా తియ్యడు. మాటలు మార్చేసి ఆలోచన మాత్రం అట్టిపెట్టుకునే గడుసువాళ్ళ దగ్గరికి సొంతదారు వేరేవాళ్ళ బట్టలు తొడుక్కుని వస్తాడు, మొహం మారదు. చదవని పుస్తకాన్ని ఇంకొకరి ఫుట్‌నోట్ చూసి ఎక్కించుకున్నవాళ్ళకి ఇద్దరు వస్తారు, వచ్చి ఒకరినొకరు ఎగాదిగా చూసుకుంటారు. రాజనీతిశాస్త్రంలో ఒకాయన తన పాత వ్యాసాన్నే తిరగేసి కొత్త అధ్యాయం చేస్తే, మూడేళ్ళ కిందటి ఆయనే వచ్చి ఆయన వెనక నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే హాస్టల్ గదిలో సర్దుకుంటున్నారని వినికిడి.

దీనితో క్యాంపస్‌లో చూపులు మారిపోయాయి. ఎదురుపడ్డ మనిషి మొహం కంటే ముందు ఆ మనిషి భుజం చూడటం అందరికీ అలవాటైంది. వెనక ఎవరూ లేనివాళ్ళని మరీ అనుమానంగా చూసేవారు, ఎంత బాగా దాచి ఉంటారో అని.

సనపల దమయంతి వెనక ఎవరూ ఉండేవారు కాదు. మానవశాస్త్ర విభాగంలో అయిదేళ్ళుగా శ్రీకాకుళం తీరంలోని ఉప్పు మడుల మీద పరిశోధన చేస్తోంది. చదివిన ప్రతి పుటకీ ఒక కార్డు రాసి, చెప్పుల అట్టపెట్టెల్లో అక్షర క్రమంలో దాచుకుంది. తనకి మంచి వాక్యం తడితే సంతోషించేది కాదు, ఇది ఎక్కడ చదివానా అని అనుమానించేది. ఒకసారి కలలో వచ్చిన వాక్యం కోసం లైబ్రరీలో నాలుగు రోజులు వెతికింది. అంత జాగ్రత్త మనిషి.

ఆమె అనుమానించి కూడా ఊరుకున్న సంగతి ఒక్కటే ఉంది. మూడో ఏట ఆమె గైడు ప్రొఫెసర్ జగదానందం గారు ఆమె ఫీల్డ్ నోటుబుక్కులు "ఓసారి చూసి ఇస్తానమ్మా" అని తీసుకుని, అయిదు వారాల తరవాత ఇచ్చారు. కొన్ని పుటల మూలలు మడిచి ఉన్నాయి. ఆ మడతలు ఎక్కడెక్కడున్నాయో దమయంతి ఆ రోజే చూసుకుంది. మనసు కీడు శంకించింది. కానీ గైడు సంతకం లేనిదే కాగితం కదలదు, అందుకని మడతలు సాపు చేసి నోరు మూసుకుంది.

ఆమె గ్రంథం పరిశీలన రోజు సెమినార్ హాల్లో నలభై ఒక్క మంది హాజరయ్యారు. ముందు వరసలో పద్దెనిమిది మంది, రెండో వరసలో మిగతావాళ్ళు. పందొమ్మిదో శతాబ్దపు కలెక్టరు ఒకడు ఉక్కపోస్తోందని ఫ్యాను కింద సీటు అడిగి కూర్చున్నాడు. మూలాల విభాగం సూపరింటెండెంటు పైడిరాజు గారు ఒక్కో అధ్యాయం తిరగేస్తూ, పేరు పిలుస్తూ, టిక్కు పెట్టుకుంటూ పోయారు. మూడు అధ్యాయాలు సాఫీగా గడిచాయి.

నాలుగో అధ్యాయం దమయంతి ప్రాణం. మడిలో నీరు ఎప్పుడు పండిందో, ఎప్పుడు ఉప్పు దిగుతుందో మనుషులకి ఎలా తెలుస్తుందన్నది ఏ పుస్తకంలోనూ లేదు. బగాది తవిటమ్మ అనే ముసలామె ఆమెకి నేర్పింది. నీళ్ళలో వేలు ముంచి గాలికి పెట్టాలి. వేలి మీద తెల్లపొర బిగిస్తే నీరు పండినట్టు, జిగురు తగిలితే ఇంకా పచ్చిదే. ఆ పొర ఎన్ని రకాలుగా బిగుస్తుందో తెలుసుకోవడానికి దమయంతి రెండు వేసవులు మడుల్లో తిరిగింది.

"ఈ అధ్యాయానికి ఎవరూ రాలేదేంటమ్మా?" అన్నారు పైడిరాజు.

"వస్తారండి. శ్రీకాకుళం నుంచి రావాలి కదా."

అప్పుడు గైడు కుర్చీలో కూర్చున్న జగదానందం గారు లేచారు. కుర్చీని నెమ్మదిగా వెనక్కి జరిపి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, దమయంతి వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశారు. చెయ్యి వెచ్చగా ఉంది. ఆయన ఏమీ ఆశ్చర్యపోయినట్టు కనిపించలేదు.

పైడిరాజు కంప్యూటర్లో చూసి చెప్పారు, తీర సమాజాల పత్రికలో రెండేళ్ళ కిందట ప్రొఫెసర్ గారి వ్యాసం వచ్చిందనీ, సంపుటి ఏడు, పుట నూట పన్నెండు అనీ. తెల్లపొర, జిగురు, అన్నీ అందులో ఉన్నాయి. పేరు చెప్పని వాడకం, ఒకటి అని రాసుకున్నారు.

"అవి నా నోటుబుక్కులోవండి," అంది దమయంతి.

"నోటుబుక్కు ప్రచురణ కాదమ్మా."

"చూడమ్మా," అన్నారు జగదానందం గారు వెనక నుంచి. "అయిదేళ్ళు కలిసి పనిచేశాం. ఇప్పుడు ఏది ఎవరిదని గీతలు గీసుకుంటే బాగుంటుందా? నా పేరు పెట్టెయ్యి, చెయ్యి తీసేస్తాను."

"నాదీ కాదండి, మీదీ కాదు. తవిటమ్మది."

పైడిరాజు చూపుడు వేలు తడి చేసుకుని అధ్యాయమంతా తిరగేశారు. "తవిటమ్మ ఎక్కడుందమ్మా? 'స్థానికుల కథనం ప్రకారం' అని ఉంది. ఆ పేరుతో మా దగ్గర ఎవరూ నమోదు కాలేదు." తరవాత మొదటి పుటలకి వెళ్ళి, "ఆ, ఇక్కడుంది. కృతజ్ఞతల్లో. హాస్టల్ వంటాయనకీ జిరాక్స్ షాపతనికీ మధ్యన. కృతజ్ఞతల్లో ఉన్నవాళ్ళకి హాజరుకి అర్హత లేదమ్మా. వాళ్ళు సంతోషిస్తే చాలు," అన్నారు.

దమయంతికి తల కొట్టేసినట్టైంది. అలా రాయమని ఎవరూ బలవంతపెట్టలేదు. గైడు ఒక్కసారి అన్నారంతే, కూలివాళ్ళ పేర్లు రాస్తే గ్రంథం తేలిపోతుందమ్మా, స్థానికులు అను, అని. సీనియర్ల థీసిస్‌లన్నిట్లో అలాగే ఉంది. పుస్తకాలు రాసినవాళ్ళకి పేరు, సంవత్సరం, పుట. నోటితో చెప్పినవాళ్ళకి ఒక దణ్ణం. నలభై ఒక్క పేర్లని కళ్ళలో పెట్టుకుని కాపాడిన తను, కావలసిన ఒక్క పేరునీ దణ్ణం పెట్టి పంపేసింది. గైడు మీద వచ్చిన కోపంలో సగం తన మీదికే తిరిగింది.

రుజువు చేసుకోవడానికి పదిహేను రోజుల గడువిచ్చారు. దమయంతి మర్నాడే బస్సెక్కింది. వెనక జగదానందం గారు కూడా ఎక్కారు, చెయ్యి తీయడానికి లేదు కాబట్టి. సీటు దొరకక దారి పొడుగునా నిలబడే వచ్చారు. ఆయన ఉప్పు మడులు చూడటం అదే మొదటిసారి. గట్టు మీద బూట్లు జారుతుంటే దమయంతి భుజమే ఆసరా చేసుకుని నడిచారు.

తవిటమ్మ మోకాళ్ళ లోతు మడిలో ఉంది. తల ఎత్తి ఇద్దర్నీ చూసింది.

"ఎనకాల ఈ బాబెవులమ్మా?"

"మా గైడు పెద్దమ్మా."

"మరి సెయ్యి తియ్యమను."

"తియ్యరు పెద్దమ్మా. రూలు."

"అలగా," అంది తవిటమ్మ. ఉప్పు శాఖ వాళ్ళ రూళ్ళు అరవై ఏళ్ళుగా చూస్తున్న మనిషికి ఇది పెద్ద వింతగా తోచలేదు. సంగతంతా చెప్పి, ఒక్కసారి వచ్చి ఆ మాట నీ నోటితో చెప్పాలి, నీదని తేలితే నీ పేరు అచ్చులోకి వస్తుంది అని దమయంతి బతిమాలింది. తవిటమ్మ పేరు సంగతి పట్టించుకోలేదు గానీ, పిల్ల మొహం పీక్కుపోయి ఉండటం చూసి బయల్దేరింది. ఎల్లుండికి మడి పండుతుంది, ఆ లోపల తిరిగి రావాలని మాత్రం షరతు పెట్టింది.

సెమినార్ హాల్లో ఆమెకి కుర్చీ వేశారు. పైడిరాజు ఫారం తీసి, పేరూ ఊరూ రాసుకుని, "ఇప్పుడు ఆ వాక్యం చెప్పండమ్మా," అన్నారు.

"ఏలు ముంచి గాలికి పెట్టాల బాబూ. తెల్లపొర బిగిసిందనుకో, నీరు పండినట్టు. జిగురుగుంటే పచ్చి నీరే, పక్క మడిలోకి ఒదలకూడదు."

ఆమె మాట పూర్తి కాకముందే జగదానందం గారి రెండో చెయ్యి ఆమె భుజం మీద పడింది. ఇద్దరి వెనకా మధ్యగా నిలబడ్డారాయన. ఒంటి మీద ఇందాకటి కోటు లేదు, కాళ్ళకి బూట్లూ లేవు. తలకి తువ్వాలు చుట్టి ఉంది, పంచె మోకాళ్ళ పైదాకా ఎగ్గట్టి ఉంది. వ్యాసంలో ఉన్నది గ్రాంథికమనీ, ఈమె మాటలు మార్చి చెబుతోంది కాబట్టి సొంతదారు ఈ వేషంలో రావడం సర్క్యులర్‌కి లోబడే ఉందనీ పైడిరాజు రాసుకున్నారు.

తవిటమ్మ మెడ తిప్పి కిందికి చూసింది. "ఈ బాబు మడిలో దిగనేదండి. పాదాలు సూడండి, బియ్యం కడుగు నీల్లలాగ తెల్లగున్నాయి. మడిలో దిగినోల కాల్లు అలగ ఉండవు." అని తన పాదం ఎత్తి చూపించింది. పగుళ్ళలో ఉప్పు మెరిసింది.

పాదాలకి ఫారంలో గడి లేదు. "మీకు ఇది ఎవరు చెప్పారమ్మా?" అని అడిగారు పైడిరాజు.

"మా యమ్మ."

"ఆవిడ ఎక్కడ ప్రచురించారు?"

"నా ఏలు పట్టుకుని నీటిలో ముంచింది బాబూ."

"పుట సంఖ్య?"

తవిటమ్మ దమయంతి వైపు చూసింది. దమయంతి తలుపు వైపు చూస్తోంది. చనిపోయినవాళ్ళు కూడా వస్తున్నారు కదా అని ఆమెకి ఆశ కలిగింది. ఆ ముసలామె తల్లి ఒక్కసారి గుమ్మంలో కనిపిస్తే చాలు, తడి కాళ్ళతో అయినా సరే. చాలాసేపు చూసింది. చనిపోయినవాళ్ళ రిజిస్టరులో ఆ రోజు ఎవరి వేలిముద్రా పడలేదు.

తీర్పు సాయంత్రానికల్లా టైపు చేసి ఇచ్చారు. బగాది తవిటమ్మ ప్రొఫెసర్ గారి పరిశోధన ఫలితాన్ని యాభై ఏళ్ళకి పైబడి ఆయన పేరు చెప్పకుండా వాడుకుంటున్నట్టు తేలింది. వ్యాసం రాకముందు నుంచే వాడటం తప్పుని మరింత పెంచేదే అయినా, వయసు దృష్ట్యా దయతలిచారు. ఇక మీదట ఆ మాట అనడం మానెయ్యాలి, లేదా అన్న ప్రతిసారీ మూలం చెప్పి అనాలి. దమయంతి నాలుగో అధ్యాయంలో ప్రొఫెసర్ గారి పేరు చేర్చి సంతకం పెడితే గ్రంథం స్వీకరిస్తారు. పెట్టకపోతే అయిదేళ్ళూ నీళ్ళపాలు.

"నేను పెట్టను పెద్దమ్మా," అంది దమయంతి. నిజంగానే ఆ క్షణంలో ఆమెకి పెట్టాలని లేదు.

"పేరు సెప్తే ఆ సెయ్యి తీసేస్తాడేటి?" అని అడిగింది తవిటమ్మ.

"తీసేస్తారు."

"అయితే సెప్పీద్దాం. ఎంత సేపు పడద్ది. రాతిరి బస్సుకి నాను ఎల్లిపోవాల, రేపు మడి ఆగదు. నువ్వూ సంతకం పెట్టీ, సదువైపోద్ది."

ఆమె ముందుగా వేలిముద్ర వేసింది. దమయంతి కలం పట్టుకుని కాసేపు కూర్చుని, పెట్టేసింది. రెండు భుజాల మీద నుంచి రెండు చేతులూ లేచాయి. జగదానందం గారు కోటు సర్దుకుంటూ, అభినందనలమ్మా అన్నారు. బరువు దిగినందుకు దమయంతికి సిగ్గనిపించింది, అయినా భుజం తేలిగ్గానే ఉంది. ఆమె ఆ సిగ్గుని కొన్నాళ్ళు మోసి, తరవాత దానికీ అలవాటు పడింది.

రెండేళ్ళ తరవాత డాక్టర్ దమయంతి అదే విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా తన విద్యార్థుల్ని ఉప్పు మడులకి తీసుకెళ్ళింది. మూలాలు సరిగ్గా వాడటం ఎలాగో దారి పొడుగునా చెప్పింది. విన్నది విన్నట్టు రాయండి, ఎవరిదో రాయండి, అనుమానం వస్తే మళ్ళీ అడగండి అంది. మంచి పాఠమే.

తవిటమ్మ మడిలో వంగి వేలు ముంచి గాలికి పెట్టింది. చుట్టూ నలుగురు పడుచు ఆడవాళ్ళు, ఆమె దగ్గర పని నేర్చుకుంటున్నవాళ్ళు, వాళ్ళూ వేళ్ళు ముంచి పైకి పెట్టారు. అందరూ ఒక్క గొంతుతో అన్నారు: "పొపేసరు జగదానందం గోరు, సంపుటి ఏడు, పుట నూట పన్నెండు." ఒకామె ఆ పేరు అంటూ తడి వేలిని కళ్ళకి అద్దుకుంది. అప్పుడు తవిటమ్మ, "బిగిసింది, నీరు ఒదిలీండే," అంది. వాళ్ళు గట్టు తెంచడానికి పలుగూ పారా అందుకున్నారు.

వెనక వరసలోని ఒక అమ్మాయి నోటుబుక్కు తెరిచి, దమయంతి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"మేడమ్, ఈవిడ పేరు కూడా రాసుకోవాలా?"

తవిటమ్మ నడుం ఎత్తి వీళ్ళ వైపే చూస్తోంది. గుర్తుపట్టినట్టు నవ్వింది. దమయంతి కూడా నవ్వింది.

"అక్కర్లేదమ్మా. మూలం ఆవిడే చెప్పింది కదా. అది తప్పు లేకుండా రాసుకో."

అమ్మాయి అలాగే రాసుకుంది. ఆమె వెనక ఎవరూ వచ్చి నిలబడలేదు.