నెలవంక మీద కాకి

రంజాన్ ఇరవై తొమ్మిదో రోజు తెల్లవారుజామున సహరీ భోజనం ముగించుకుని, దర్జీ జలాలుద్దీన్ దుకాణంలో కొక్కేలకు వేలాడుతున్న గుడ్డలను లెక్కపెట్టుకున్నాడు. పదిహేడు జతలు కుట్టాలి. వాటిలో మూడు ఇంటివే: భార్య జమాలున్నీసాది, కూతురు యుమ్నాది, తనది. దర్జీ ఇంట్లో వాళ్ళకు పండగ బట్టలు పండగ వెళ్ళాకే వస్తాయి కాబట్టి ఆ మూడింటినీ అలవాటుగా పక్కకు నెట్టాడు. మిగిలినవి పద్నాలుగు. ఇవాళ ఏడు, రేపు ఏడు. నెలవంక రేపు కనిపిస్తుంది, పండగ ఎల్లుండి. నెలవంక ఇవాళే కనిపిస్తే పండగ రేపే అవుతుంది గానీ, ఈసారి ముప్పై రోజాల ఉపవాసం ఖాయమని ఎవరినీ అడగకుండానే తీర్మానించుకున్నాడు. ఇరవై ఏడేళ్ళుగా సుల్తానాబాద్‌లో ఆయనకు గుడ్డ ఇచ్చినవాడెవడూ పాత బట్టలతో ఈద్గాకు, పండగ నమాజుకు పోలేదు. ఆ ఒక్క మాట కోసమే ఆయన బతుకుతున్నాడంటే అబద్ధం కాదు.

లెక్క బాగానే ఉంది. కాకపోతే స్లాబు మీద టెలిస్కోపు ఉంది.

శనిగ్రహం చుట్టూ వలయాలుంటాయని ఐదో తరగతిలో సారు చెప్పినప్పటి నుంచి అది కంటితో చూడాలని జలాలుద్దీన్ కోరిక. బట్టలు కుడుతూ ఫోనులో వీడియోలు చూసీ చూసీ చివరికి ఒకటి తెప్పించుకున్నాడు. రంజాన్‌కు ముందే రావలసిన డబ్బా, పని గొంతు దాకా ఉన్న నిన్ననే దిగింది. అదృష్టం అంటే అదీ. డిగ్రీ చదువుతున్న యుమ్నా అందులోని పుస్తకం చదివి, చుక్కల జోలికి పోయే ముందు పగటిపూట దూరంగా ఉన్న ఏదో ఒక వస్తువు మీద గురిపెట్టి, పెద్ద గొట్టాన్నీ దాని వీపు మీదున్న చిన్న గొట్టాన్నీ ఒకే చోటికి చూసేలా సరిచేయాలంది. పది నిమిషాల పనే అని కూడా అంది. ప్రపంచంలో ఎందరి కొంపలనో ముంచిన పది నిమిషాలవి.

పదకొండు గంటలకు కూడా ఆయన స్లాబు మీదే ఉన్నాడు. పెద్ద గొట్టంలో ఊరి నీళ్ళ ట్యాంకు కనిపిస్తే, చిన్న గొట్టంలో కరెంటు స్తంభం కనిపించేది. మర తిప్పితే స్తంభం పోయి ఎవరిదో పరదా వచ్చేది. పైగా ప్రతిదీ తలకిందులే. చుక్కలకు పైనా కిందా ఉండవు కనుక ఫరవాలేదని పుస్తకంలో రాశారట. నోట్లో చుక్క నీళ్ళు లేవు, నెత్తి మీద ఎండ, కింద పద్నాలుగు జతలు. జలాలుద్దీన్‌కు ఆ పుస్తకం రాసినవాడు దొరికితే బాగుండుననిపించింది.

జమాలున్నీసా బెల్లంపల్లి పిల్ల. మామూలప్పుడు ఉర్దూలో మాట్లాడుతుంది, కోపమొస్తే గనుల కాలనీ నల్లా దగ్గర నేర్చిన తెలుగులోకి దిగుతుంది. అప్పటికి మూడుసార్లు తెలుగులో పిలిచింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి కొమురెల్లి తన తల్లి లస్మవ్వతో కలిసి తమ స్లాబు మీద మిరపకాయలు ఎండబోయడానికి వచ్చాడు. బోర్లు వేసే పని చేస్తాడు కనుక గొట్టం కనిపిస్తే ఆగలేడు.

"గదేంది భాయ్, గంత పెద్ద గొట్టం?"

శని, వలయాలు, ఐదో తరగతి, ఇవన్నీ ఎండిన నోటితో చెప్పే ఓపిక జలాలుద్దీన్‌కు లేదు. "చంద్రున్ని సూసేటందుకు" అన్నాడు. రంజాన్ ఇరవై తొమ్మిదో నాడు, ఈద్ నెలవంక కోసం ఊరంతా ఎదురుచూస్తున్న నాడు, తెలివున్న ముసల్మాను ఎవడూ అనకూడని మాట అది. అనేశాడు.

లస్మవ్వ పిట్టగోడ దాటొచ్చి గొట్టంలో చూసింది. ట్యాంకును బోర్లించారని, నీళ్ళన్నీ కారిపోతాయని కలవరపడింది. ఆమెకు సర్దిచెప్పడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది. ఈలోగా కొమురెల్లి మిరపకాయలు వదిలి చౌరస్తాకు పోయాడు. దర్జీ భాయ్ నెలవంకను పట్టే గొట్టం తెప్పించాడని, ఇక మబ్బున్నా మంచున్నా దానికి లెక్కలేదని హోటల్లో చెప్పాడు. పాపం మంచి మనసుతోనే చెప్పాడు.

మధ్యాహ్నం నమాజుకు ఆ మాట మసీదుకు చేరింది. మూడింటికి మసీదు కమిటీ పెద్ద ముకర్రం సాబ్ ఫోను చేశాడు. కరీంనగర్‌లో మబ్బట, పెద్దపల్లిలో మబ్బట, అటు మంచిర్యాలలోనూ అంతేనట. ఆకాశం తేటగా ఉన్నది మన దగ్గరే, గొట్టం ఉన్నదీ మన దగ్గరే, కాబట్టి సాయంత్రం కమిటీ అంతా మీ స్లాబు మీదికే వస్తున్నామని సంతోషంగా చెప్పాడు. గొట్టం కొత్తదని, తనకింకా చేతకాదని జలాలుద్దీన్ అన్నాడు. అది వినయమనుకుని ముకర్రం సాబ్ ఇంకా సంతోషించాడు.

అసలు పిడుగు ఆ తర్వాత పడింది. ఇవాళే చాంద్, అంటే నెలవంక, ఖాయమని నమ్మిన గిరాకీలు, రేపటి బట్టల కోసం ఇవాళే వచ్చి దుకాణం ముందు నిలబడ్డారు. ఒకరికి నచ్చజెబితే ఇద్దరు కొత్తగా వచ్చేవారు. మాట్లాడుతుంటే మిషను ఆగేది, మిషను ఆగితే జత ఆగేది. ఇఫ్తార్ వేళకు ఏడు జతలు కావలసిన చోట మూడే అయ్యాయి.

"పొద్దున సంది గా గొట్టంల కన్ను వెట్టుడు గాకుండ సూది మీద వెడితే గిట్ల అయ్యేదా?" అంది జమాలున్నీసా ఖర్జూరాల పళ్ళెం ముందు పెడుతూ.

పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు కాగానే స్లాబు మీద నలభై మంది. సూర్యుడు పూర్తిగా దిగేదాకా గొట్టాన్ని పడమటికి తిప్పొద్దని, తిప్పితే కళ్ళు పోతాయని కాపలా కాసిన యుమ్నా అప్పుడు తప్పుకుంది. ఒకరు చూసి పక్కకు జరిగేటప్పుడు మోచెయ్యి తగిలించేవారు, రెండోవాడు కాలు తగిలించేవాడు. పొద్దుటి నుంచి పెట్టిన గురి ఎటు పోయిందో దేవుడికెరుక. జలాలుద్దీన్ మాత్రం లోపల ఒక్కటే అనుకుంటున్నాడు: యా అల్లా, ఇవాళ వద్దు, రేపు.

ముకర్రం సాబ్ వంతు వచ్చింది. ఆయన ఒంగి, చాలాసేపు చూసి, "ఉన్నది. సన్నగ, వంపు తిరిగి, మెరుస్తున్నది" అన్నాడు.

స్లాబంతా ఈద్ ముబారక్‌లతో నిండిపోయింది. ఆ చప్పుడు విని కింద గిరాకీలు దుకాణం తలుపు తోసుకుని లోపలికొచ్చారు. కమిటీ వాళ్ళలో ఒకరు ఈ కబురు చెప్పడానికి కరీంనగర్‌కు ఫోను కలుపుతుండగా, తానూ చూస్తానని లస్మవ్వ వచ్చి గొట్టంలో కన్ను పెట్టింది.

"మంచిగనే ఉన్నది గని," అంది నింపాదిగా, "చంద్రుని మీద కాకి కూసున్నదేంది? గది గూడ తలకాయ కిందికి వెట్టి."

యుమ్నా చూసింది. రెండు వీధుల అవతల ఎవరి మిద్దె మీదో ఉన్న డిష్ టీవీ గొడుగు అంచు, పడమటి వెలుగులో మిలమిలలాడుతోంది. కాకి దాని మీద స్థిమితంగా ముక్కు గీకుకుంటోంది. కలవబోయిన ఫోనును అప్పటికప్పుడు ఆపేశారు. ముకర్రం సాబ్ తల దించుకుని, గొట్టాలతో పని కాదు, ఇద్దరన్నా కళ్ళతో చూసి చెప్పాలని, ఇవాళ్టికి చాంద్ లేనట్టేనని అన్నాడు. జనం గొణుక్కుంటూ మెట్లు దిగారు. కింద గిరాకీలూ వెనక్కి తగ్గారు. కాకికి నూరేళ్ళ ఆయుష్షు ఇవ్వమని జలాలుద్దీన్ మనసారా కోరుకున్నాడు. రేపంతా తనదే. పదకొండు జతలు, హాయిగా.

ఒక్కడే మిగిలి, గొట్టం కాళ్ళు మడవడానికి ఒంగి, లేచేటప్పుడు ఊరికే పడమటి వైపు చూశాడు. నీళ్ళ ట్యాంకుకు ఎడంగా, తాటిచెట్లకు జానెడు పైన, ఆకాశానికి తెల్లదారంతో ఒకే ఒక్క కుట్టు వేసినట్టుంది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. ఉంది. యాభై ఏళ్ళు దాటినా అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించే కళ్ళవి, వాటికి అనుమానమన్నది లేదు.

ఎవరూ చూడలేదు. ఇంకో పది నిమిషాలు నోరు మూసుకుంటే అదీ దిగిపోతుంది. పదకొండు జతలు, ఇరవై ఏడేళ్ళ మాట. కరీంనగర్‌లో మబ్బు, మంచిర్యాలలో మబ్బు, చూసింది తనొక్కడు. మడతపెట్టిన గొట్టం పక్కన చతికిలబడ్డాడు. ఏడుపొచ్చింది, నిజంగానే. నెలంతా ఆకలి విషయంలో అబద్ధమాడకుండా గడిపి, చివరి పది నిమిషాల్లో చంద్రుడి గురించి అబద్ధమాడడమా? అదీ పైవాడు చూస్తుండగా, స్లాబు మీద, అంత దగ్గరగా?

మెట్ల దగ్గరికి పోయి కిందికి వంగాడు.

"ముకర్రం సాబ్, జర మీదికి రాండ్రి. కనవడ్డది."

"మల్ల కాకేనా?" అని కింది నుంచి జమాలున్నీసా గొంతు వినిపించింది.

ముకర్రం సాబ్ ఆయన చూపుడు వేలి వెంట చూశాడు. తర్వాత యుమ్నా చూసింది, తర్వాత అందరూ. ఈసారి ఎవరూ కేకలు పెట్టలేదు, చేతులెత్తి దువా చేసుకున్నారు. జమాలున్నీసా కూడా చేసుకుంది. ముఖం తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది.

"చూసినోడే కుట్టాలె. నడువు."

అయితే ఆయన ఒక్కడే కుట్టలేదు. చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఆమె ఎవరినీ వదల్లేదు. లస్మవ్వ గుండీలు కుట్టింది. కొమురెల్లి తన నోటి దూలకు శిక్షగా ఇస్త్రీ పట్టాడు. ముకర్రం సాబ్ తన కుర్తాకు తానే కాజాలు కుట్టుకున్నాడు, అవి అచ్చం ఆయన చూసిన చంద్రుడిలాగే వచ్చాయి.

పొద్దున ఈద్గాలో పద్నాలుగు కొత్త జతలూ కనిపించాయి. అందరూ జలాలుద్దీన్‌ను కౌగిలించుకుని, నీ గొట్టం ఎంత గొప్పదని మెచ్చుకున్నారు. ఆయన నిరుటి కుర్తాలోనే అందరినీ తిరిగి కౌగిలించుకున్నాడు. రాత్రి మంచు పడకుండా యుమ్నా చేతికందిన గుడ్డ తీసి టెలిస్కోపు మీద కప్పిందట, అది ఆయన పండగ కుర్తా గుడ్డే. ఆ ఇంట్లో ఆ ఈద్‌కు కొత్త బట్ట కట్టింది అదొక్కటే.