చేతికి తొంభై ఆరు మార్కులు

పక్షవాతం వచ్చిన చేతికి మనుషుల సాయం దండగ. మెషిన్ ఉంటే చాలు! నమ్మకపోతే తుడియలూరులో పంపుల వర్క్‌షాప్ నడిపే దురైసామి సంగతి వినండి.

అరవై నాలుగో ఏట ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఆస్పత్రివాళ్లు సెన్సార్లున్న గ్లౌజునూ, దానికో టాబ్లెట్‌నూ ఇచ్చి ఇంటికి పంపారు. వేలు కదిలిస్తే తెరమీద బెలూన్ పగులుతుంది. పగిలిందా, లోపలినుంచి ఓ ఆడగొంతు: "సూపర్! యూ ఆర్ ఎ చాంపియన్!"

నలభై ఏళ్లలో ఏ పనివాణ్ణీ మెచ్చుకోని మనిషికి రోజుకు రెండొందల మెచ్చుకోళ్లు! ఏ భార్యకుంటుంది అంత ఓపిక?

ఇంటివాళ్లకు మరీ సుఖం. స్కోరు ఆస్పత్రికీ, వీళ్ల ఫోన్లకీ నేరుగా వచ్చేస్తుంది. గదిలోకి తొంగిచూసే శ్రమ లేదు! కూతురు చారులత హాల్లోంచే చప్పట్ల బొమ్మ పంపేది. లోపల ఆయన ఎడమచేత్తో చెంచా పట్టుకుని సాంబారన్నం ఒలకబోసుకునేవాడు.

రెండు నెలలకు విసుగెత్తి గ్లౌజు విసిరేశాడు.

"ఏంగ, ఇవ్వాళ మార్కు పోతాదే!" అని మొగుణ్ణి పిలుస్తూనే భార్య సౌందరం దాన్ని తన చేతికి తొడుక్కుని బెలూన్లన్నీ పగలగొట్టింది. తొంభై ఆరు!

చెయ్యి నయమైందని ఆస్పత్రినుంచి అభినందనలొచ్చాయి. మర్నాడే మెషిన్ పట్టుకుపోయారు. సాయంత్రం చారులత కేకు తెచ్చింది. కత్తి ఆయన వేళ్లలోంచి జారి నేలమీద పడింది.

"ఏమప్పా, తొంభై ఆరు వచ్చిందే?"

"అది మీ అమ్మ సెయ్యి," అన్నాడు దురైసామి.

సౌందరం తల దించుకుంది. చారులత తండ్రి కుడిచేతిని తన చేతిలోకి తీసుకుంది. పడిపోయాక ఆ చేతిని ఆమె ముట్టుకోవడం అదే మొదలు. బరువుగా, చల్లగా ఉంది.

తెల్లవారాక తండ్రిని తనే వర్క్‌షాప్‌కు తీసుకెళ్లింది. పాత ఫిట్టర్ కరుప్పన్ యజమాని ముందు ఓ బోల్టు, ఓ నట్టు పెట్టాడు. పదకొండుసార్లు జారాక, ముప్పావుగంటకు నట్టు ఎక్కింది. దురైసామి చెమట తుడుచుకుని కరుప్పన్ ముఖంలోకి చూశాడు.

కరుప్పన్ నట్టును అటూ ఇటూ తిప్పాడు.

"మర తప్పి వంకరగా ఎక్కింది, ముదలాళీ. ఇట్ల వదిలితే పంపు పోతాది. ఊడదీసి మళ్లా ఎక్కించండి."

"నాకు సెప్పేంత పెద్దోడివైపోయినావారా?" అని దురైసామి షెడ్డు అదిరేలా అరిచాడు. అరుస్తూనే, కుడిచెయ్యి ముందుకు చాచి, నట్టు ఊడదీయసాగాడు.