డైనింగ్ టేబుల్ మీది అమెరికా కంపెనీ

ప్రతి ఇంటికీ ఒక అమెరికా కంపెనీ ఉండాలి. గ్యాస్ కనెక్షన్ లాగా, నీళ్ళ ట్యాంకు లాగా. లేనివాళ్ళు వెంటనే పెట్టించుకోండి.

నవ్వకండి. కంపెనీ అంటే మేడ, మనుషులు, క్యాంటీను, ఏసీ బస్సు అని మీరింకా అనుకుంటున్నట్టున్నారు. అవన్నీ పాతకాలపు కంపెనీలు. ఇప్పటి కంపెనీ ఒక ఈమెయిల్‌లో పడుతుంది. దానికి కిరాయి లేదు, ఊడ్చే పని లేదు, ఎవరికీ టీ పెట్టక్కర్లేదు. ఇంత మర్యాదస్తురాలు మీ బంధువుల్లో ఎవరైనా ఉన్నారా?

నమ్మకం కుదరనివాళ్ళ కోసం కొండాపూర్ కిరణ్ పాల్ సంగతి చెబుతాను.

కిరణ్ పాల్ ఫోన్లలో వాడే యాప్‌లు తయారుచేస్తాడు. ఒకప్పుడు హైటెక్ సిటీలో ఒక గాజు మేడలో చేసేవాడు. అది మానేసి, ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర చేయడం మొదలుపెట్టాడు. అదే మనిషి, అదే పని. గాజు మేడలో ఉన్నప్పుడు దాన్ని ఉద్యోగం అన్నారు. డైనింగ్ టేబుల్ దగ్గరికి వచ్చేసరికి ఖాళీగా ఉండటం అన్నారు. మామగారు జాన్సన్ మాస్టారు చర్చిలో కొత్తవాళ్ళతో "మా అమ్మాయి షారోన్ నర్సండి" అని ఆగిపోయేవారు. అల్లుడేం చేస్తాడని ఎవరైనా అడిగితే "ఇంటి దగ్గరే ఉంటాడు" అని, ఆ వెంటనే దగ్గేవారు.

షారోన్ నానక్‌రామ్‌గూడ వైపు ఒక పెద్ద ఆసుపత్రిలో పనిచేస్తుంది. పేరెందుకు లెండి. బయటి నుంచి చూసినవాళ్ళు హోటలనుకుంటారు. లోపలికి వెళ్ళొచ్చినవాళ్ళు కూడా హోటలే నయమనుకుంటారు.

ఆమె కోరిక చిన్నది. నెలలో మొదటి ఆదివారం సెలవు. ఆ రోజు చర్చిలో బల్ల ఇస్తారు. ఇంత రొట్టె, ఒక గుక్క ద్రాక్షరసం. భర్త పక్కన కూర్చుని ఆ రొట్టె తినాలని ఆమె ఆశ. పెళ్ళయిన దగ్గరనుంచి మొదటి ఆదివారాలన్నీ డ్యూటీలోనే పోయాయి. వార్డు ఇన్‌చార్జ్ రుక్కమ్మ సిస్టర్ దగ్గర ప్రతి నెలా ఇదే సంభాషణ.

"ఏంది షారోన్, మళ్ళ ఆదివారమేనా? మీ దేవుడు సోమవారం ఉండడా?"

"ఉంటాడు సిస్టర్. పాస్టర్‌గారే ఉండరు. సునీత నా డ్యూటీ చేస్తానంది, ఆమెతో మార్చుకుంటాను."

"ఇయ్యాల నువ్వు మార్చుకుంటవు, రేపు ఇంకొకామె. ఇగ ఈ డ్యూటీ చార్టు కొట్టేసుడు, రాసుడే నా పనైతది. పేషెంట్లను ఎవరు చూడాలె, నీ మొగుడా?"

మొగుడు నిజంగానే చూశాడు. పేషెంట్లను కాదు, చార్టును. మార్చుకునేవాళ్ళకు కొదవ లేదు, మార్చడమే పెద్ద పని అని గ్రహించి, భార్య కోసం ఒక యాప్ తయారుచేశాడు. ఒక నర్సు తన డ్యూటీని అందులో పెడుతుంది. ఆ వార్డు పని తెలిసిన, విశ్రాంతి సరిపడా దొరికిన ఇంకో నర్సు దాన్ని తీసుకుంటుంది. ఇన్‌చార్జ్ ఒక్కసారి నొక్కితే చార్టు దానంతటదే మారిపోతుంది. కొట్టేసేది లేదు, రాసేది లేదు.

దాన్ని పట్టుకుని ఆసుపత్రి అడ్మినిస్ట్రేషన్ మేనేజర్ కామేశ్వరరావుగారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన గోదావరి జిల్లా మనిషి. మర్యాదగా కూర్చోబెట్టి, ఫోను వైపు చూడకుండానే అడిగారు.

"మీది ఏ కంపెనీ అండి?"

"కంపెనీ ఏం లేదు సార్. నేనే చేశాను."

"మీరంటే?"

"షారోన్ సిస్టర్ భర్తనండి."

"అదేనండి నేననేది. ఇవాళ ఈ సిస్టర్‌గారి భర్త ఒకటి తెస్తారు. రేపు లిఫ్ట్ ఆపరేటర్ బావమరిది ఇంకోటి తెస్తాడు. మేము ఆసుపత్రి నడపాలా, మీ ఇళ్ళలో వండినవన్నీ రుచి చూడాలా చెప్పండి?"

ఆయన తప్పేముంది? పక్క వీధి మనిషి చేసిన వస్తువు మీరు మాత్రం నమ్ముతారా? నేను నమ్మను.

ఇక్కడ చెల్లని యాప్ సముద్రాలు దాటింది. షారోన్‌తో చదువుకున్న నర్సులు గల్ఫ్‌లో, ఐర్లాండ్‌లో ఉన్నారు. వాళ్ళు వాడారు, పక్కవాళ్ళకు చెప్పారు. అక్కడి ఆసుపత్రులు చందా కట్టి తీసుకుంటామన్నాయి. ఆ చందా క్రెడిట్ కార్డుల మీద తీసుకోవాలంటే మాత్రం, డబ్బు వసూలు చేసిపెట్టేవాళ్ళు ఒక కంపెనీ చూపించమన్నారు. అమెరికాదైతే మరీ మంచిదన్నారు.

కిరణ్ పాల్ ఓంకార్ దగ్గరికి వెళ్ళాడు. ఓంకార్ హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌కు ఎదురుగా కూర్చుని అమెరికాలో కంపెనీలు పుట్టిస్తుంటాడు.

"జర కూడా ఫికర్ చెయ్యకన్నా. నువ్వు కదిలేదే లేదు. కంపెనీనే పోతది."

"నాకు వీసా రాలేదు ఓంకార్. ఏదో కాన్ఫరెన్స్‌కని అడిగితే రెండుసార్లు తిప్పి పంపారు."

"నీకు ఇయ్యలే. కంపెనీని ఎవడు అడుగుతడు వీసా?"

పాఠకులు ఇక్కడ కాసేపు ఆగాలి. కిరణ్ పాల్‌ను వీసా ఆఫీసులో అద్దం అవతలి మనిషి, నువ్వు తిరిగొస్తావని ఏమిటి నమ్మకం అని అడిగాడు. పెళ్ళాం ఉందంటే సరిపోలేదు. కంపెనీని ఎవరూ ఏమీ అడగలేదు. వేలిముద్రలు లేవు, ఇంటర్వ్యూ లేదు, దిష్టిబొమ్మలా నిలబెట్టి ఫొటో తీసింది లేదు. అది నేరుగా వెళ్ళి వయోమింగ్ అనే రాష్ట్రంలో కాపురం పెట్టింది. అక్కడ మనుషుల కంటే ఆవులు ఎక్కువట. కంపెనీకి ఒక చిరునామా, ఆ చిరునామాకు ఒక తలుపు. ఆ తలుపు వెనక ఇలాంటి కంపెనీలు ఇంకా ఎన్నో, షేర్ ఆటోలో జనంలా సర్దుకుని కూర్చున్నాయి.

ఒక్క ఇబ్బంది వచ్చింది. పన్నుల నంబరు కావాలంటే అక్కడి ప్రభుత్వానికి కాగితం ఫ్యాక్స్‌లో పంపాలన్నారు. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన దేశం! కిరణ్ పాల్ హైటెక్ సిటీ అంతా తిరిగాడు. అన్ని గాజు మేడల్లో ఒక్క ఫ్యాక్స్ మెషీను దొరకలేదు. చివరికి ఫ్యాక్స్ పంపే యాప్ ఒకటి దించుకున్నాడు.

అన్నిటికంటే నచ్చింది కంపెనీ రాజ్యాంగం. దాని ప్రకారం ముఖ్యమైన నిర్ణయాలన్నీ సభ్యుల సమావేశంలో చేయాలి. సభ్యుడు ఒక్కడే. కిరణ్ పాల్ తనకు తానే నోటీసు ఇచ్చుకుని, తన అధ్యక్షతన తాను సమావేశమై, తాను ప్రతిపాదించినదాన్ని తానే బలపరిచి, ఏకగ్రీవంగా ఆమోదించుకున్నాడు. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఎన్నడైనా ఇంత సామరస్యం చూశారా?

ఇక మహిమలు చూడండి. జాన్సన్ మాస్టారు కంపెనీ సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి, బైబిల్ వాక్యాల క్యాలెండర్ పక్కన మేకు కొట్టి తగిలించారు. ఆయన దగ్గు తగ్గిపోయింది. పాస్టర్‌గారు ఆఫీసును ప్రార్థనతో ప్రతిష్ఠ చేస్తానని ఇంటికి వచ్చారు.

"ఆఫీసు ఎక్కడ బ్రదర్?"

కిరణ్ పాల్ డైనింగ్ టేబుల్ చూపించాడు. షారోన్ గబగబా ఆవకాయ జాడీ తీసేసింది. పాస్టర్‌గారు టేబుల్ మీద చెయ్యి పెట్టి, అమెరికా దేశాన్నీ అక్కడి అధికారులనూ దీవించమని దీర్ఘంగా ప్రార్థించారు. ఆ టేబుల్ మీదే అందరూ భోంచేశారు.

కొన్నాళ్ళకు ఆ అమెరికా కంపెనీకి నానక్‌రామ్‌గూడ నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. పంపినది కామేశ్వరరావుగారు. గల్ఫ్‌లో పెద్ద పెద్ద ఆసుపత్రులు మీ యాప్ వాడుతున్నాయని విన్నాం, మా వంటి వారికి కూడా ఇస్తారా అని వినయంగా అడిగారు. కిరణ్ పాల్ ఉదయమే చదివి, వెంటనే జవాబు రాసి, సాయంత్రం దాకా పంపకుండా ఆపాడు. అమెరికా నిద్ర లేవాలి కదా. ఆ ఆలస్యానికే గౌరవం ఇంకాస్త పెరిగింది.

తరువాత తానే వెళ్ళాడు. కామేశ్వరరావుగారు గుర్తుపట్టారు.

"మీరు షారోన్ సిస్టర్ తాలూకు..."

"అవునండి. ఈ కంపెనీకి ఇక్కడి పనులు నేనే చూస్తాను."

"చూశారా, అలా మంచి సంస్థలో చేరాలండి. సొంతంగా ఏదో గిలుక్కుంటే ఏం లాభం?"

కిరణ్ పాల్ ఒక్క అబద్ధం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

కామేశ్వరరావుగారు అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. ఆయన మేనల్లుడు అమెరికాలో ఆ వయోమింగ్‌కు దగ్గర్లోనే ఉంటాడు. వెళ్ళి కంపెనీ ఎలా ఉందో చూసి రమ్మన్నారు. మేనల్లుడు కారులో వెళ్ళి చూశాడు. ఒక తలుపు, దానికి తాళం. పక్కన పశువుల దాణా అమ్మే కొట్టు. ఎంతసేపు నిలబడినా మనిషి అలికిడి లేదు. తిరిగొచ్చి ఫోను చేశాడు.

"చాలా క్వైట్‌గా ఉంది మావయ్యా. లోపలికి ఎవర్నీ రానివ్వడం లేదు. సెక్యూరిటీ టైట్ అనుకుంటా."

కామేశ్వరరావుగారు పులకించిపోయారు.

అంతా బాగుంది. కిరణ్ పాలే నోరు జారాడు. డ్యూటీ మార్పులకు అనుమతి విషయం మాట్లాడేటప్పుడు, "ఇన్‌చార్జ్ కాదంటే ఎందుకు కాదో కారణం రాయాలి, లేకపోతే ఈ యాప్ ఎందుకు సార్?" అని పట్టుబట్టాడు. అమెరికా మనిషి అదే మాట అని ఉంటే సూచన అనేవారు. కొండాపూర్ మనిషి అన్నాడు గనక పొగరు అన్నారు. ఆ సాయంత్రమే అమెరికాకు ఫిర్యాదు వెళ్ళింది: మీ లోకల్ ప్రతినిధి మాకు పాఠాలు చెబుతున్నాడు, పైగా మా నర్సు భర్త, అతన్ని తప్పించి మీరే నేరుగా మాట్లాడితే సంతకం పెడతాం, లేకపోతే వేరే యాప్ చూసుకుంటాం.

ఫిర్యాదు వచ్చి డైనింగ్ టేబుల్ మీద పడింది. కిరణ్ పాల్ చదివి, లాప్‌టాప్ భార్య వైపు తిప్పాడు. షారోన్ మొదట నవ్వింది. రెండోసారి చదివినప్పుడు నవ్వలేదు.

"నేనే ఓనర్‌నని రేపు వెళ్ళి చెప్పేస్తాను" అన్నాడు.

"చెబితే?"

"చెబితే మళ్ళీ నర్సు మొగుణ్ణి అవుతాను."

"అయితే చెప్పకు. తీసేశామని రాసెయ్యి."

"ఎవర్ని, నన్నా?"

"నిన్నే. ముందు నా ఆదివారం రానీ. నీ పరువు సంగతి తరువాత చూద్దాం."

కంపెనీ సభ్యుల అత్యవసర సమావేశం జరిగింది. ఆరోపణలు ఎదుర్కొంటున్న కిరణ్ పాల్‌కు తన వాదన చెప్పుకునే అవకాశం ఇచ్చారు. అతను చెప్పుకోలేదు. తొలగింపు తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

తీసేశామన్న జవాబు చూసి కామేశ్వరరావుగారు ఆఫీసులో అందరికీ వినిపించేలా అన్నారట, "అమెరికా వాళ్ళంటే అదండీ. మనిషిని చూడరు, పని చూస్తారు." సంతకం అయిపోయింది.

ఇంకా ఉంది. అనుమతి మన ఇన్‌చార్జ్‌ల చేతిలో పెడితే పక్షపాతం వస్తుందని, ఏ నర్సు డ్యూటీ మారాలన్నా ఆఖరి మాట అమెరికాదే కావాలని ఆయనే కోరారు. కోరితే కాదంటారా? నానక్‌రామ్‌గూడ వార్డులో ఎవరికి ఏ రోజు సెలవో అప్పటినుంచి కొండాపూర్‌లో కూర్చుని అమెరికా నిర్ణయిస్తోంది. షారోన్ తన ఆదివారాన్ని అందులో పెట్టింది. సునీత తీసుకుంది. రుక్కమ్మ సిస్టర్ ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"పో షారోన్. అమెరికా ఒప్పుకుందట. నన్నడిగితే ఒప్పుకోకపోతుంటి. పెద్దోళ్ళు అన్నంక నేనేమంట?"

షారోన్ బయటికి వచ్చి ఇంటికి ఫోను చేసింది.

"ఏం చేస్తోంది అమెరికా?"

"బియ్యం కడుగుతోంది."

ఆ ఆదివారం ఆమె భర్త పక్కన కూర్చుని రొట్టె తీసుకుంది. నమిలేటప్పుడు ఏడ్చింది. వెనక బెంచీలో జాన్సన్ మాస్టారు పక్కాయనతో, మా అల్లుడికి అమెరికాలో కంపెనీ ఉందని మెల్లగా చెబుతున్నారు. అల్లుణ్ణి అందులోంచి తీసేసిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కనుక నా సలహా ఇది. కంపెనీ పెట్టండి. పెట్టిన వెంటనే మిమ్మల్ని మీరు అందులోంచి తీసేసుకోండి. అప్పుడు మీ ఊళ్ళో మీ పని చెల్లుతుంది. కోకాపేట దాకా ఆకాశానికి నిచ్చెనలు వేసినట్టు ఇన్ని మేడలు కట్టుకున్నాం. లోపల కూర్చుని పనిచేసేవాళ్ళంతా మనవాళ్ళే. పైన బోర్డు మీద పేరు మాత్రం మనది కాకూడదు. మనదైతే ఆ మెట్లు మనమే ఎక్కం.

ఆ ఆదివారం మరునాడు కిరణ్ పాల్ షారోన్‌కు క్యారియర్ ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్ళాడు. గేటు దగ్గర కామేశ్వరరావుగారు ఎదురుపడ్డారు. పాపం, మనసున్న మనిషి. ఆగి భుజం మీద చెయ్యి వేశారు.

"బాధపడకండి. పెద్ద సంస్థల్లో ఇవి మామూలేనండి. తెలివైనవారు మీరు. మళ్ళీ ఏదైనా చేసి పట్టుకురండి, తప్పకుండా చూస్తాను."

"నిజంగా చూస్తారా సార్?"

"ఎందుకు చూడనండి? ఈసారి వచ్చేటప్పుడు ఏ కంపెనీ తరఫునో ముందే చెప్పండి, చాలు."

కిరణ్ పాల్ సరేనన్నాడు. క్యారియర్ లోపలికి పంపి, రోడ్డు దాటి, షేర్ ఆటో ఎక్కి అమెరికా వెళ్ళిపోయాడు.